ఐరన్ బౌల్ చూడటానికి ఏది మేలు: స్టేడియమా, టీవీయా, రేడియోయా?

ఏటా ఆగస్టు నెలాఖరుకు, కాలేజీ ఫుట్‌బాల్ మొదలయ్యే ముందు, నన్ను ఒకే ప్రశ్న నాలుగు వైపుల నుంచీ పలకరిస్తుంది. జార్జియాలోని కొలంబస్‌లో నాతో పాటు పనిచేసే తెలుగువాళ్ళూ, ఇక్కడికి నలభై మైళ్ళ లోపే ఉన్న ఆబర్న్‌లో ఎం.ఎస్. చదువుతున్న పిల్లలూ "అన్నా, కేబుల్ పెట్టించుకోమంటావా, స్ట్రీమింగ్ సరిపోతుందా, యాంటెన్నాకు వస్తుందా, లేకపోతే టికెట్ కొనుక్కుని స్టేడియానికే పోవడం మేలా?" అని అడుగుతారు, ముఖ్యంగా ఆబర్న్, అలబామా విశ్వవిద్యాలయాల జట్లు ఏటా తలపడే ఐరన్ బౌల్ కోసం. వాళ్ళు అడుగుతున్నది ఖర్చు సంగతని నాకు తెలియకపోలేదు. అయినా నేను ముందుగా ఒక ఎదురు ప్రశ్న వేస్తాను: నీకు సెంటిమెంట్లు ఉన్నాయా? లేవన్నవాడికి ఏది చవకైతే అది తీసుకోమని చెప్పి పంపేస్తాను. ఉన్నాయన్నవాడిని మాత్రం కూర్చోబెట్టి, టీ ఇచ్చి, ఇక్కడ రాస్తున్నదంతా చెబుతాను.

నా సెంటిమెంట్లకు చరిత్ర ఉంది. సచిన్ క్రీజులో ఉన్నంతసేపూ కూర్చున్నచోటు నుంచి ఎవరూ లేవకూడదన్న కట్టుబాటు ఉన్న ఇంట్లో పెరిగినవాణ్ణి కాబట్టి, 2012 ఆగస్టులో ఆబర్న్‌లో చేరేనాటికే పునాది పడి ఉంది. రెండేళ్ళ ముందటి సీజన్‌లో క్యామ్ న్యూటన్ అనే ఆటగాడి చలవతో జాతీయ విజేతగా నిలిచిన జట్టు, నేను అడుగుపెట్టిన ఏడాది పన్నెండు ఆటల్లో మూడే గెలిచి, ఆబర్న్, అలబామా రెండూ ఉన్న ఎస్ఈసీ అనే దక్షిణాది లీగులో ఆడిన ఎనిమిదీ ఓడిపోయింది. టెక్సాస్ ఎ అండ్ ఎమ్ 63-21తో చితక్కొట్టిన రోజున నేను స్టేడియంలో ఉన్నాను. జార్జియా 38-0తో గెలిచిన రోజునా ఉన్నాను. ఇంత జరిగాక కూడా బుద్ధి రాక, ముగ్గురు మిత్రులతో కలిసి కారులో అలబామా జట్టు ఊరైన టస్కలూసా దాకా వెళ్ళి, అలబామా చేతిలో 49-0 ఓటమిని కళ్ళారా చూసివచ్చాను. తిరుగు దారిలో రెండు గంటలపాటు ఎవరూ నోరు విప్పలేదు. ఆబర్న్ పొలిమేరల్లో మాత్రం వెనక సీటులోని విజయవాడ కుర్రాడు, "ఐరన్ బౌల్‌కి ఐరన్ లెగ్‌ను వెంటబెట్టుకుని పోయాం, తప్పు మనదే" అన్నాడు. బర్మింగ్‌హామ్ ఇనుము, ఉక్కు పరిశ్రమ పుణ్యమా అని ఆ ఆటకు వచ్చిన పేరును నా కాలికి తగిలించిన ఘనత అతనిదే.

కాబట్టి స్టేడియం గురించి నేను చెప్పేది పక్షపాతంతో కూడినదని ముందే ఒప్పుకుంటున్నాను. 87 వేల మందికి పైగా పట్టే ఆబర్న్ వారి జోర్డన్-హేర్ స్టేడియంలో, ఆట మొదలయ్యే ముందు గద్ద గాలిలో చుట్టు తిరిగి మైదానం మధ్యకు దిగుతుండగా జనమంతా ఒక్క గొంతుతో "వార్ ఈగల్" అని తమ నినాదాన్ని దీర్ఘం తీసే ఆ కొద్ది క్షణాలకు టీవీలో గానీ రేడియోలో గానీ సాటి వచ్చేది లేదు. ఆ తర్వాత మూడున్నర గంటల్లో ఎంతసేపు ఆట చూస్తామన్నది వేరే సంగతి. టీవీ ప్రకటనల కోసం ఆట ఆగినప్పుడల్లా ఎర్ర టోపీ పెట్టుకున్న మనిషి ఒకడు మైదానం అంచున నిలబడతాడు. అతను పక్కకు తప్పుకునేదాకా ఇరవై ఇద్దరు ఆటగాళ్ళూ, 87 వేల మంది జనమూ ఎదురుచూడాల్సిందే. ఇంట్లో ఉన్నవాడికి ఆ విరామం మంచినీళ్ళు తాగడానికి పనికొస్తుంది, ఎండలో అల్యూమినియం బల్ల మీద కూర్చున్నవాడికి దేనికీ పనికిరాదు. ఇన్ని చెప్పినా, ఒక్కసారైనా వెళ్ళి చూడమనే అంటాను. ఐరన్ లెగ్ అని తేలినవాడు మాత్రం గేటు దాటకపోవడమే జట్టుకు చేసే సేవ.

టీవీ సంగతికి వస్తే, 1996 నుంచి 2023 దాకా ఎస్ఈసీలో ఆ వారపు ముఖ్యమైన ఆట శనివారం మధ్యాహ్నం సీబీఎస్‌లో వచ్చేది, యాంటెన్నా పెట్టుకున్న ప్రతి ఇంటికీ ఉచితంగా అందేది. 2024 నుంచి ఎస్ఈసీ హక్కులన్నీ డిస్నీ చేతికి పోవడంతో, దాని చానళ్ళలో ఏబీసీలో వచ్చే ఆటలు మాత్రమే యాంటెన్నాకు దొరుకుతున్నాయి. ఈఎస్‌పీఎన్‌లోనో ఎస్ఈసీ నెట్‌వర్క్‌లోనో పడ్డవాటికి డబ్బు కట్టక తప్పదు. ఆ కట్టిన డబ్బుకూ పూచీ లేదని 2025లో తేలింది. డిస్నీకీ, డబ్బు కట్టించుకుని చానళ్ళు చూపించే యూట్యూబ్ టీవీకీ బేరం కుదరక, అక్టోబరు నెలాఖరు నుంచి రెండు వారాలపాటు ఆ చానళ్ళు ఆగిపోయి, సీజన్ నడిమధ్యలో రెండు శనివారాలు గాలికి పోయాయి. 2024, 2025 ఐరన్ బౌల్‌లు రెండూ ఏబీసీలోనే వచ్చాయి కనుక, ఆ ఒక్క ఆట కోసమే అడిగేవారికి ఇరవై ముప్ఫై డాలర్ల యాంటెన్నా చాలని చెబుతాను.

అయితే టీవీతో నాకున్న పేచీ ధరతో కాదు, వ్యాఖ్యాతలతో. జాతీయ చానల్ వ్యాఖ్యాత తటస్థంగా ఉండాలి, అది అతని ఉద్యోగధర్మం. కానీ తటస్థుడికి దిష్టి పట్టింపు ఉండదు. గోల్ కంబాల మధ్యకు బంతిని తన్నాల్సిన మన కిక్కర్ దాని ముందు నిలబడి అడుగులు కొలుచుకుంటుండగా, "ఈ సీజన్‌లో నలభై గజాల లోపు ఇతను ఒక్కటి కూడా తప్పలేదు" అని గణాంకం చదువుతాడు. మన ఇళ్ళలో పసిపిల్లవాడిని బొద్దుగా ఉన్నాడని ఎవరైనా అంటే మరుక్షణమే ఉప్పు, మిరపకాయలు దిగదుడుస్తారు. ఇక్కడ కోటిమంది వింటుండగా ఆ మాట అనేసి, దిగదుడిచేవాడు లేకుండా వదిలేస్తారు. పైన తథాస్తు దేవతలు ఏ జట్టువాళ్ళో ఎవరికి తెలుసు? బంతి కుడి కంబాన్ని రాసుకుంటూ బయటికి పోతుంది. ఆ తర్వాత అదే వ్యాఖ్యాత "నమ్మలేకపోతున్నాను" అంటాడు. నేను నమ్మగలను.

ఇక స్ట్రీమింగ్. సౌకర్యానికి దానికి మించింది లేదు, ఫోనులో, టీవీలో, ప్రయాణంలో ఎక్కడైనా చూడవచ్చు. కానీ అది అసలు ఆటకు అర నిమిషం, ఒక్కోసారి ఇంకా ఎక్కువే వెనకబడి ఉంటుంది. సెంటిమెంట్లు లేనివాడికి ఇది లెక్కలోది కాదు, నాకు మాత్రం ఇదే అసలు సమస్య. సెంటిమెంటు పనిచేయాలంటే ఫలితం ఇంకా తేలకుండా ఉండాలి కదా! నేను కాలు మీద కాలు తీసేసి, టోపీ వెనక్కి తిప్పుకుని, ఏడుకొండలవాడికి తలనీలాలు మొక్కుకునే సమయానికి అక్కడ బంతి ఎప్పుడో పడిపోయి, రెఫరీ చేతులు ఎత్తేసి, తర్వాతి ఆటకు జట్లు సర్దుకుంటూ ఉంటే, నా మొక్కు ఎవరికి చేరుతుంది? పరీక్ష ఫలితాలు వచ్చిన మర్నాడు గుడికి వెళ్ళి కొబ్బరికాయ కొట్టడం లాంటిదే ఇదీ.

2023 నవంబరు 25న ఈ తత్త్వం నాకు పూర్తిగా బోధపడింది. ఆట ఆబర్న్‌లో, ఆబర్న్ 24-20తో ముందుంది, నిమిషం కూడా మిగల్లేదు, అలబామాకు నాలుగో డౌన్, అంటే చివరి అవకాశం, గోల్ గీత 31 గజాల అవతల. ముప్ఫై ఒక్క గజాలు! నేను నెలకింత కట్టి పెట్టుకున్న ఒక స్ట్రీమింగ్ సర్వీసులో చూస్తూ, సోఫా ఎడమ అంచున, రెండో క్వార్టర్ నుంచి కదలని భంగిమలో, చల్లారిపోయిన టీ గ్లాసును రెండు చేతులా పట్టుకుని ఉన్నాను. తెర మీద, అలబామాకు బంతి విసిరే జేలెన్ మిల్రో చేతికి బంతి ఇంకా అందలేదు. టీపాయ్ మీద ఫోను ఒక్కసారి గుర్రుమంది. చూడకూడదని తెలిసీ చూశాను. స్టేడియంలో ఉన్న విజయవాడ కుర్రాడు పంపింది ఒకే మాట: "పోయింది." అప్పుడు తల ఎత్తి, మిల్రో వెనక్కి జరగడం, నింపాదిగా నిలబడటం, ఎండ్ జోన్ మూలకు విసరడం, ఐజేయా బాండ్ అందుకోవడం, అన్నీ తీరిగ్గా, కర్మకాండ చూస్తున్నట్టు చూశాను. 27-24. ఆ రాత్రే ఆ సర్వీసు మానేశాను.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచే అనుభవం పదేళ్ళ ముందటిది. 2013 నవంబరు 30న, థాంక్స్‌గివింగ్ సెలవులకు అపార్ట్‌మెంట్లు సగం ఖాళీ అయిన ఆ శనివారం, నేను టికెట్ ఉండి కూడా రూమ్మేటుకు ఇచ్చేసి వంటింట్లో ఉండిపోయాను. దానికి రెండు వారాల ముందు జార్జియా మీద రికార్డో లూయిస్ 73 గజాల పాసును, అదీ ప్రత్యర్థి చేతులకు తగిలి ఎగిరిన బంతిని, పట్టి గెలిపించినప్పుడు నేను అదే వంటింట్లో, అదే గ్యాస్ పొయ్యి ముందు, రేడియో పెట్టుకుని ఉన్నాను కాబట్టి చోటు మార్చే ప్రశ్నే లేదు. అలబామాతో స్కోరు 28-28. గడియారంలో సున్నాలు పడ్డాక రివ్యూలో ఒక్క సెకను తిరిగి కలిపారు, ఆ ఒక్క సెకనుకూ అలబామా కోచ్ నిక్ సేబన్ 57 గజాల ఫీల్డ్ గోల్‌కు కిక్కర్‌ను పంపాడు. నా చేతిలో పోపు గరిటె ఉంది, దాన్ని కింద పెట్టలేదు, ఆవాలు మాడుతున్న వాసన వస్తున్నా మంట తగ్గించలేదు. బంతి కంబాల దాకా చాలలేదు, ఆబర్న్ ఆటగాడు క్రిస్ డేవిస్ దాన్ని అందుకుని పరుగెత్తాడు. రేడియోలో ఆబర్న్ వ్యాఖ్యాత రాడ్ బ్రాంబ్లెట్ గొంతు ఒక్కో మెట్టూ ఎక్కడం మొదలుపెట్టిన క్షణానికే కిటికీలోంచి, మైలున్నర దూరంలోని స్టేడియం నుంచి, వరద గేట్లు ఎత్తినట్టు హోరు వచ్చింది. ఆ తర్వాత కాసేపటికి, గోడ అవతలి ఫ్లాటులో టీవీ చూస్తున్నవాళ్ళ అరుపులు. క్రిస్ డేవిస్ ఒక్కడే, 109 గజాల పరుగు ఒక్కటే, నేను మాత్రం మూడుసార్లు విన్నాను, అందులో రేడియోదే ముందు వరస.

ఆ పరుగును సీబీఎస్‌లో చెప్పింది వెర్న్ లుండ్‌క్విస్ట్. తర్వాత ఆ రికార్డింగు ఎన్నోసార్లు చూశాను. డేవిస్ గీత దాటగానే ఫలించిన ప్రార్థన అంటూ ఒక్క మాట అని, ఆపైన చాలాసేపు నోరు మెదపకుండా, మైదానంలోకి దూకుతున్న జనాన్నీ ఆ గోలనూ మనకు వదిలేశాడు. టీవీ వ్యాఖ్యానంలో అంతకన్నా గొప్ప సంయమనం నేను ఎరగను, ఎప్పుడు మాట్లాడకూడదో తెలిసినవాడే పెద్ద వ్యాఖ్యాత అన్న మాటకు అదే సాక్ష్యం. రేడియోలో మౌనం కుదరదు. చూపించేది ఏమీ లేనివాడు చెప్పి తీరాలి. బ్రాంబ్లెట్ ఆబర్న్ గెలవబోతోందని డేవిస్ గీత దాటకముందే చాటేశాడు, గజాల లెక్క చెప్పాడు, ఈ రాత్రి జనాన్ని మైదానంలోకి రాకుండా ఎవరూ ఆపలేరన్నాడు, చివరికి దేవుణ్ణి కేకేశాడు. కళాదృష్టితో తూస్తే లుండ్‌క్విస్ట్‌దే పైచేయి కావచ్చు. కానీ లుండ్‌క్విస్ట్ ఒక అద్భుతాన్ని చూసిన పెద్దమనిషి, బ్రాంబ్లెట్ మన ఇంట్లో పెళ్ళికి వచ్చిన మేనమామ. 2003 నుంచి ఆ జట్టు వెంట ఊరూరా తిరిగి, మేము 0-8 ఓడిన ఏడాదిలోనూ ప్రతి శనివారం ఓపికగా చెప్పినవాడికి ఆ కేక వేసే హక్కు ఉంది. 2019 మే నెలలో కారు ప్రమాదంలో ఆయనా, ఆయన భార్యా పోయారని తెలిసిన రోజున, ఎన్నడూ కలవని మనిషి కోసం నేను ఆఫీసులో కూర్చోలేకపోయాను. ఇప్పుడు ఆ కుర్చీలో ఉన్న ఆండీ బర్చమ్‌దీ మన పక్షపు గొంతే, కిక్కర్ అడుగులు కొలుచుకునేటప్పుడు అతని గొంతులో వినిపించే భయం నా భయమే.

రేడియోకు లోపాలు లేవని కాదు. అలబామా పార్శ్వంలో జరిగిన తప్పులు మాత్రమే అందులో స్పష్టంగా కనిపిస్తాయి, మనవాళ్ళవి వచ్చేసరికి కాస్త మసకబారుతాయి. ఆప్‌లో వినే రేడియో, రేడియో కాదు. అది మళ్ళీ స్ట్రీమింగే, అదే అర నిమిషం. ఎఫ్‌ఎం సెట్టే ఉండాలి. టీవీ గొంతు నొక్కేసి రేడియో పెట్టుకుంటామనే తెలివైనవాళ్ళు ఉంటారు, కానీ వ్యాఖ్యాత టచ్‌డౌన్ అన్నాక తెరమీద బంతి చేతులు మారడం చూస్తే, జరిగింది తెలిసి జాతకం చెప్పించుకున్నట్టుంటుంది. స్పోర్ట్స్ బార్‌లో ఏ సెంటిమెంటూ నిలవదు, పక్కవాడు లేచి మీ కుర్చీ జరుపుతాడు. ఫోనులో స్కోరు మాత్రమే చూసుకునేవాళ్ళ గురించి చెప్పడానికి ఏమీ లేదు.

నా సిఫారసు, కాబట్టి, కొలంబస్‌లో ఉన్నవారికి గోడకు యాంటెన్నా, వంటింటి కిటికీలో ఎఫ్‌ఎం సెట్టు, అంతే. ఇందులో రెండోదానికే నా ఓటు. దీనికి వ్యతిరేకంగా ఉన్న సాక్ష్యాన్ని దాచను: మానేసిన సర్వీసును మానేసినట్టే ఉంచి, 2024లోనూ 2025లోనూ రేడియోనే నమ్ముకున్నాను, మొదటిది 28-14తో, రెండోది 27-20తో పోయాయి. 2020 నుంచి 2025 దాకా లెక్కవేస్తే అలబామాకు వరసగా ఆరు. పైగా నా భార్య చదివింది టస్కలూసాలో. ఆమెకు ఏ సెంటిమెంటూ లేదు, పడకగదిలో మంచం మీద పడుకుని, మధ్యమధ్యలో వాళ్ళమ్మతో మాట్లాడుతూ, ఫోనులో స్ట్రీమింగ్‌లోనే చూస్తుంది. 2025లో చివరి ఆట అయిపోయినప్పుడు నేను వంటింట్లో రేడియో కట్టేసి, గరిటె కడిగి, ఆరబెట్టి, చేతులు తుడుచుకున్నాను. అప్పటికి గానీ పడకగదిలోంచి ఆమె కేక వినపడలేదు.