ఎడిసన్ స్టాండర్డ్ ఫోనోగ్రాఫ్: వైజాగ్ ఉప్పుగాలిలో ఏళ్ళ తరబడి వాడాక

సిలిండర్ ఫోనోగ్రాఫ్ (ప్లేటు బదులు గొట్టం ఆకారపు రికార్డును ఆడించే పాత యంత్రం) కొందామనుకునే వాళ్ళకు ముందే ఒక మాట: ఓక్ చెక్క పెట్టె ఎంత మెరుస్తోందో తర్వాత చూడొచ్చు, ముందు రిప్రొడ్యూసర్ (సూదిని పట్టుకుని శబ్దం పలికించే భాగం) తీసి చూడండి. నా దగ్గరున్నది ఎడిసన్ స్టాండర్డ్ మోడల్ బి. మహారాణిపేటలో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఇంట్లో, ఏళ్ళుగా వాడుతున్నాను. పెట్టె మీద గీతలున్నాయి, మూత ఒక మూల చెక్క లేచింది. అయినా అమ్మే ఆలోచన లేదు. రబ్బరు, బెల్టు తప్ప లోపలి భాగాలన్నీ ఆ కాలం నాటివే, ఒకదానితో ఒకటి పుట్టినవే కాబట్టి.

స్టాండర్డ్ 1898లో వచ్చింది, అమెరికాలో అప్పటి ధర 20 డాలర్లు. మోడల్ బి 1905 నుంచి 1908 వరకు తయారైంది. స్ప్రింగుకు కీ ఇస్తే మోటారు తిరుగుతుంది, తోలు బెల్టు మాండ్రెల్‌ని తిప్పుతుంది, సిలిండర్ దాని మీద కూర్చుంటుంది. గ్రామఫోన్ ప్లేటులో సూదిని గాడే లోపలికి లాక్కుపోతుంది. ఇక్కడ ఆ భారం గాడి మీద పడదు. అంగుళానికి 100 మరలున్న ఫీడ్ స్క్రూ రిప్రొడ్యూసర్‌ని పక్కకు నడిపిస్తుంది. సూది కదిలేది కూడా పక్కలకు కాదు, పైకీ కిందికీ. ఇంకో సుగుణం ఏమిటంటే, ప్లేటు మీద సూది మధ్యకు వెళ్ళేకొద్దీ దాని కింద గాడి వేగం తగ్గుతుంది. సిలిండర్ మీద మొదటి క్షణంలో ఉన్న వేగమే చివరి క్షణంలోనూ ఉంటుంది. అందుకే పాట చివర గొంతు నలిగిపోదు.

శబ్దం గురించి నిజాయితీగా చెప్పాలంటే, మంచి సిలిండర్ పడినప్పుడు మనిషి గొంతు ఎదురుగా కూర్చుని పాడినట్టే వస్తుంది. బాంజో, క్లారినెట్, మగ గొంతు బాగా పలుకుతాయి. వయొలిన్, ఆడగొంతు కొంచెం పలచబడతాయి. 14 అంగుళాల హారన్‌తో ఒక గదికి సరిపోతుంది. పెద్ద హారన్ తగిలిస్తే హాలంతా వినిపిస్తుంది కానీ, దాని బరువు మోయడానికి వేరే స్టాండు తప్పనిసరి.

ఇక అసలు సంగతి, ఒరిజినల్ భాగాలు.

మోడల్ బికి కంపెనీ ఇచ్చింది మోడల్ సి రిప్రొడ్యూసర్. రెండు నిమిషాల సిలిండర్లకు అదే కావాలి. 1908లో అంగుళానికి 200 గాళ్ళున్న నాలుగు నిమిషాల అంబెరాల్ సిలిండర్లు రావడంతో మోడల్ హెచ్ వచ్చింది, దాని మొన ఇంకా సన్నం. పాత యంత్రాలకు తగిలించుకోవడానికి, రిప్రొడ్యూసర్‌ని సగం వేగంతో పక్కకు నడిపించే గేర్ల జతను కూడా కంపెనీ అప్పట్లోనే అమ్మింది. చాలామంది అమ్మకందార్లు ఏది దొరికితే అది బిగించి ఇచ్చేస్తారు. సి మొనతో నాలుగు నిమిషాల సిలిండర్ వేస్తే సరిగ్గా పలకదు, రికార్డు కూడా అరిగిపోతుంది. రిప్రొడ్యూసర్ మీద అక్షరం చెక్కి ఉంటుంది, అది చదవండి. తర్వాత నీలమణి మొనను వాచీలు బాగుచేసేవాళ్ళు కంటికి పెట్టుకునే అద్దంతో చూడండి. అంచు విరిగి ఉంటే ఆ రాయి మైనాన్ని ఉలిలా గీకేస్తుంది. రబ్బరు గాస్కెట్లు మాత్రం ఒరిజినల్‌గా ఉంచుకోవాలన్న పట్టుదల వద్దు. వందేళ్ళ రబ్బరు రాయిలా గట్టిపడి శబ్దాన్ని చంపేస్తుంది. నేను మెత్తటి కొత్త రబ్బరు వేశాను, పాతవి ఒక డబ్బీలో దాచాను.

రిప్రొడ్యూసర్ తర్వాత నేను చూసేది హాఫ్ నట్. ఫీడ్ స్క్రూ మరల మీద కూర్చుని రిప్రొడ్యూసర్‌ని నడిపించే చిన్న ముక్క అది. కొత్తగా చేసిన హాఫ్ నట్ పళ్ళు కాస్త గరుకుగా ఉన్నా ఫీడ్ స్క్రూని తినేస్తాయి. హాఫ్ నట్ అరిగితే ఇంకొకటి వెతుక్కోవచ్చు. స్క్రూ పాడైతే యంత్రమే పోయినట్టు. అందుకే ఈ రెండూ పాతవే ఉండి, మరలు పదునుగా ఉంటే, పెట్టె ఎంత పాడైనా కొనమని చెబుతాను. కొత్త పాలిష్, కొత్త స్టిక్కర్, తళతళలాడే ఇత్తడి హారన్ ఉన్న యంత్రం చూస్తే నాకు టెన్షన్ మొదలవుతుంది. ఒరిజినల్ బెడ్ ప్లేట్ (యంత్ర భాగాలు కూర్చునే ఇనుప పలక) నల్ల ఎనామెల్ మీద సన్నటి రంగు గీతలతో ఉంటుంది. మళ్ళీ పెయింట్ వేస్తే ఆ గీతలు పోతాయి, వాటిని తిరిగి తేలేం.

మోటారు వేగాన్ని నిలకడగా ఉంచే గవర్నర్ మీద మూడు పలచటి స్ప్రింగు రేకులుంటాయి. ఒక్కటి తెగినా మూడూ మార్చాలి. మందం తేడా వస్తే మోటారు వణుకుతుంది, గొంతులో ఆ వణుకు వినిపిస్తుంది. బెల్టు విషయంలో మన ఊరి పనితనం బాగా ఉపయోగపడింది. పూర్ణా మార్కెట్ దగ్గర చెప్పులు కుట్టే ఒక పెద్దాయన పలచటి తోలు తీసి, అతుకు దగ్గర రెండు కొసలనూ ఏటవాలుగా చెక్కి అంటించి ఇచ్చారు. అతుకు లావుగా ఉంటే కప్పీ మీదికి వచ్చిన ప్రతిసారీ పాట తడబడుతుంది. ఆయన చేసిన బెల్టు మీద ఆ తడబాటు లేదు. వానాకాలంలో తోలు సాగుతుంది కాబట్టి వేగం మాత్రం చూసుకుంటూ ఉండాలి. మాండ్రెల్ అంచున చిన్న కాగితం ముక్క అంటించి 15 సెకన్లలో 40 చుట్లు లెక్కపెడితే నిమిషానికి 160 సరిపోయినట్టే. స్ప్రింగు డబ్బాను మాత్రం ఇంట్లో తెరవకండి. ఆ ఉక్కు పట్టీ ఒక్కసారిగా విడిపోతే చేతులు తెగుతాయి. తెలిసిన మెకానిక్‌తో ఎండిన గ్రీజు తీయించి, గ్రాఫైట్ కలిసిన కొత్త గ్రీజు పెట్టించండి.

వైజాగ్‌లో ఉండేవాళ్ళు యంత్రం కన్నా సిలిండర్ల కోసం ఎక్కువ భయపడాలి. ఇనుము తుప్పును నూనె గుడ్డతో ఆపొచ్చు, బూజును ఆపడం కష్టం. 1902కి ముందు వచ్చిన గోధుమరంగు సిలిండర్లూ, ఆ తర్వాతి నల్లటి గోల్డ్ మౌల్డెడ్ సిలిండర్లూ మైనం లాంటి పదార్థంతో చేసినవే. తేమకు వాటి మీద తెల్లటి మచ్చలు లేస్తాయి. అది పైపైన పట్టిన మురికి కాదు, గాడిని తినేసిన చోటు. ఎంత తుడిచినా పోయిన శబ్దం తిరిగిరాదు. కెమెరా లెన్సులు దాచుకునే డ్రై క్యాబినెట్ కొనుక్కుని అందులో నిలబెట్టి ఉంచుతున్నాను. యంత్రం మీద పెట్టిన ఖర్చుల్లో ఇంత ఫలితమిచ్చింది ఇంకోటి లేదు. సిలిండర్‌ని లోపల రెండు వేళ్ళు చాపి పట్టుకోవాలి, పైభాగాన్ని తాకకూడదు. ఏసీ గదిలోంచి తీసిన వెంటనే వెచ్చటి చేత్తో పట్టుకుంటే మైనం చిట్లే ప్రమాదం ఉంది.

1912లో వచ్చిన బ్లూ అంబెరాల్ సిలిండర్లు సెల్యులాయిడ్‌వి. వీటికి బూజు బెడద లేదు, చాలాకాలం ఆడినా అరగవు. వీటి బలహీనత లోపలుంది. లోపలి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ గొట్టం తేమ పీల్చి ఉబ్బుతుంది, మాండ్రెల్ మీదికి సగం వరకే ఎక్కుతుంది. బలవంతంగా తోస్తే సెల్యులాయిడ్ పగులుతుంది. లోపలి వైపు సన్నటి ఇసుక కాగితంతో కొద్దికొద్దిగా, గుండ్రంగా తిప్పుతూ రుద్దితే దిగుతుంది. ఇవి నాలుగు నిమిషాలవి కాబట్టి గేర్ల జత, హెచ్ రిప్రొడ్యూసర్ ఉంటేనే నా యంత్రం మీద ఆడతాయి. వజ్రపు మొన ఉన్న రిప్రొడ్యూసర్ వీటి కోసం చేసిందే. దాన్ని మైనపు సిలిండర్ మీద పెట్టకూడదు.

మీ యంత్రం గురించి పరిశోధన చేయాలనుకుంటే దాని మీదున్న మెటల్ ప్లేటుతో మొదలుపెట్టండి. దాని మీద సీరియల్ నంబరు, పేటెంట్ తేదీలుంటాయి. చివరి పేటెంట్ తేదీకి ముందు ఆ ప్లేటు తయారై ఉండదు. తర్వాత ఎడిసన్ ఫోనోగ్రాఫ్‌లు తయారుచేసిన నేషనల్ ఫోనోగ్రాఫ్ కంపెనీ విడిభాగాల జాబితాల పునర్ముద్రణలు సంపాదించి, బొమ్మల పక్కన మీ భాగాలు పెట్టి చూడండి. వినడానికి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాంటా బార్బరా వాళ్ళ ఆర్కైవ్ ఉంది. పదివేలకు పైగా సిలిండర్లు ఉచితంగా వినొచ్చు. మీ దగ్గరున్న సిలిండరే అక్కడ ఉంటే, రెంటినీ పోల్చి మీ రిప్రొడ్యూసర్ ఆరోగ్యం తెలుసుకోవచ్చు.

మన దేశపు సిలిండర్ల కథ ఇంకా బాధ కలిగిస్తుంది. కలకత్తాలో హేమేంద్ర మోహన్ బోస్ 1900ల తొలి ఏళ్ళలోనే సిలిండర్ల మీద రికార్డింగులు చేశారు, రవీంద్రనాథ్ టాగోర్ గొంతుతో సహా. వాటిలో చాలావరకు మిగల్లేదు. మద్రాసు మ్యూజియంలో పనిచేసిన ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాదిలో మైనపు సిలిండర్లు నింపించాడు. అప్పుడు విశాఖ కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. ఖాళీ సిలిండర్ మీద ఇంట్లోనే గొంతు రికార్డు చేసుకునే వీలు ఈ యంత్రాలకుంది, గ్రామఫోన్లకు లేదు. కాబట్టి పాత ఇళ్ళలో పేరులేని గోధుమరంగు సిలిండర్ దొరికితే, వేయకుండా, తుడవకుండా, పెట్టెలోనే ఉంచండి. దాని మీద ఎవరి గొంతుందో ఎవరికి తెలుసు!

వేరే ఊరి నుంచి యంత్రం తెప్పించుకుంటుంటే, రిప్రొడ్యూసర్ తీసి విడిగా చుట్టమనండి. హారన్ వేరే పెట్టెలో రావాలి, మాండ్రెల్ మీద సిలిండర్ ఉండకూడదు, బెల్టు వదులు చేయాలి. ఈ నాలుగూ రాతపూర్వకంగా ఒప్పుకోని అమ్మకందారు దగ్గర నేను కొనను.