రోజుకు గంటన్నరా, వారాంతంలో పదకొండు గంటలా?

ఆగస్టులో క్యాట్ (ఐఐఎంలలో ఎంబీఏ ప్రవేశ పరీక్ష) దరఖాస్తులు మొదలైతే చాలు, ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలూ చుట్టాల పిల్లలూ నన్ను అడిగేది ఒకటే: "అన్నయ్యా, ఉద్యోగం చేస్తూ చదవాలంటే రోజూ కాస్త కాస్త చదవాలా, శని ఆదివారాలు గట్టిగా కూర్చోవాలా?" నేను రెండూ చేశాను. మొదటిసారి వారాంతాలను నమ్ముకున్నాను, రెండోసారి తెల్లవారుజామును. నా మొగ్గు ఎటో దీంతోనే తెలిసిపోతుంది కానీ, వారాంతం తరఫున చెప్పాల్సింది కూడా ఉంది.

గంటల లెక్కలో తేడా లేదు. ఉదయం ఐదు నుంచి ఆరున్నర దాకా వారానికి ఆరు రోజులు చదివితే తొమ్మిది గంటలు, ఆదివారం మాక్ టెస్టుకు (నమూనా పరీక్షకు) రెండు, మొత్తం పదకొండు. శనివారం ఐదు, ఆదివారం ఆరు కూర్చున్నా పదకొండే.

వారాంతపు పద్ధతికి ఉన్న అసలు బలం ఓపిక నేర్పడం. క్యాట్ 120 నిమిషాల పరీక్ష. ఒక్కో విభాగానికి 40 నిమిషాలు. ఆ గడువు తీరేదాకా ముందుకు పోలేము, తీరాక వెనక్కి రాలేము. రోజూ గంటన్నరకే లేచిపోయే అలవాటున్నవారికి చివరి క్వాంట్ (లెక్కల) విభాగంలో బుర్ర మొద్దుబారుతుంది. డీఐఎల్ఆర్ (డేటా, లాజిక్ విభాగం) ప్రశ్నల సెట్ మధ్యలో ఉండగా స్నానానికి వేళయిందని ఇంట్లోవారి పిలుపు వినిపించే బాధ కూడా శనివారం ఉండదు.

మరి నేనెందుకు మారాను? పంచాంగం వల్ల.

కొన్నేళ్లుగా క్యాట్ నవంబరు చివరి ఆదివారమే జరుగుతోంది. ఆగస్టు మొదటి నుంచి అప్పటిదాకా మహా అయితే పదిహేడు వారాంతాలు. శ్రావణంలో పెళ్ళిళ్ళు, తర్వాత వినాయక చవితి, దసరా, దీపావళి. మాది విజయవాడ సత్యనారాయణపురం. దసరాకు ఇంద్రకీలాద్రి దర్శనానికి వచ్చే చుట్టాలు శని ఆదివారాలు చూసుకునే వస్తారు, మా ఇంట్లోనే దిగుతారు. ఆ ఏడు అమ్మ నా క్వాంట్ పుస్తకాన్ని కూడా సరస్వతీ పూజలో పెట్టింది. పూజలో పెట్టిన పుస్తకం ముట్టకూడదని ఆచారం, కాదనలేకపోయాను. ఇక అన్నిటికన్నా పెద్ద గండం కార్తీకం. సరిగ్గా పరీక్షకు ముందు వారాల్లో ప్రతి ఆదివారం ఎవరో ఒకరి వనభోజనాలు: ఆఫీసువారివి, అపార్ట్‌మెంటువారివి, బంధువులవి. పదిహేడులో ఆరు వారాంతాలు పోయాయి. వారాంతమే చదువైనప్పుడు ఒక పెళ్ళి పదకొండు గంటలను మింగేస్తుంది, ముందూ వెనకా కలిపి పన్నెండు రోజులు పుస్తకం తెరవము. అదే పెళ్ళి రోజూ చదివేవాడికి ఒక గంటన్నర నష్టం, ఆ రోజు మాక్ ఉంటే రెండు గంటలు. నా దృష్టిలో ఏ టైం టేబుల్‌నైనా తూచాల్సింది ఇక్కడే: ఒక రోజు తప్పితే ఎంత పోతుంది?

రోజువారీ పద్ధతిలో మాక్ విశ్లేషణకు చోటెక్కడని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మాక్ రాయడానికి రెండు గంటలైతే తప్పులు తవ్వడానికి మూడు పడుతుంది. నేను దాన్ని విడగొట్టాను. సోమవారం వీఏఆర్‌సీ (ఇంగ్లిష్ విభాగం), మంగళవారం డీఐఎల్ఆర్, బుధవారం క్వాంట్. మొదట్లో సర్దుబాటు అనుకున్నాను, తర్వాత ఇదే మేలనిపించింది. ఒక ఆదివారం ఎనిమిది జట్ల టోర్నమెంటు సెట్‌లో పదిహేను నిమిషాలు పోగొట్టుకున్నాను. అప్పుడే జవాబు చూసి ఉంటే 'లాజిక్ రాలేదు' అని రాసుకునేవాడిని. మంగళవారం జవాబు చూడకుండా మళ్ళీ మొదలుపెడితే రెండో వాక్యంలోనే దొరికింది: 'గరిష్ఠంగా ఒకసారి' అని ఉన్నదాన్ని 'ఒకసారి' అని చదివాను. నా తప్పుల పుస్తకంలో మూడు గడులుంటాయి: తెలియక, తొందరలో, వదలాల్సింది వదలక. మొదటి గడి నిండుతుందనుకున్నాను, నిండింది మూడోది. సరైన జవాబుకు మూడు మార్కులు, ఆప్షన్ల ప్రశ్న తప్పితే ఒకటి కోత. కోత కన్నా నాకు ఎక్కువ నష్టం చేసింది మొండిగా పట్టుకు కూర్చున్న సమయం.

రోజువారీ పద్ధతికీ లోపముంది. రాత్రి పదకొండు దాటి పడుకుంటే అది రెండు వారాలు కూడా నిలవదు. నెలాఖరు పని ఒత్తిడిలో నేను గుంటూరు రైల్లో చదివినదే చదువు. సీటు దొరికితే మంగళగిరి వచ్చేలోపు ఫోనులో ఒక పాసేజీ అయ్యేది. నిలబడితే అదీ లేదు.

ఉద్యోగం మానేసి మూడు నెలలు చదవడమనేది మూడో దారి. ఇంటి అద్దె ఎవరు కడతారో తేలితే ఆలోచించండి. రాష్ట్ర స్థాయి ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్ ఒక్కటే రాసేవారికి ఇంత ప్రణాళిక అక్కర్లేదు. 150 నిమిషాల్లో 200 ప్రశ్నలు, తప్పుకు కోత లేదు, వేగం సాధన చేస్తే సరిపోతుంది. ఎక్కువగా విదేశీ ఎంబీఏల కోసం రాసే జీమ్యాట్ సంగతి వేరు. తేదీ మన చేతిలో ఉంటుంది, కుదరకపోతే 16 రోజుల తర్వాత మళ్ళీ రాయవచ్చు, కాబట్టి వారాంతాలతోనూ నడుస్తుంది. క్యాట్ ఏడాదికి ఒక్కసారే.

రెండో ఏడాది కార్తీకంలోనూ వనభోజనాలు మానలేదు. అసలు పరీక్ష మొదటి స్లాటు మొదలయ్యే ఎనిమిదిన్నరకే మాక్ మొదలుపెట్టి, పదిన్నరకు ఫోను తప్ప అన్నీ మూసేసి బయలుదేరేవాడిని. ఉసిరి చెట్టు కింద విస్తరి ముందు కూర్చునేసరికి పన్నెండున్నర. ఎన్ని మార్కులు వచ్చాయని మామయ్య అడిగితే, బుధవారం చెబుతానని పులిహోర మీద పడేవాడిని.