బంగాళాఖాతం అడుగున కరెంట్ మీటర్: ఎనిమిదేళ్ల వాడకం తర్వాత

బంగాళాఖాతం మధ్యలో, 15 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర, సుమారు 2,800 మీటర్ల లోతున మేం వేసే మూరింగ్‌లో (అడుగున బరువుకి కట్టి నీళ్లలో నిలబెట్టే పరికరాల తాడు) అన్నిటికంటే కింద ఉండే కొలత పరికరం ఈ డాప్లర్ కరెంట్ మీటరే. అంటే నీటి ప్రవాహం వేగం, దిశ కొలిచేది. యాంకర్, పైకి తీసేటప్పుడు తాడుని దాన్నుంచి విడిపించే రిలీజర్ దాటాక, నేలకు 20 మీటర్ల ఎత్తులో తాడుకి బిగిస్తాం. ఏడాదికోసారి ఓడలో వెళ్లి పైకి తీసి, బ్యాటరీ మార్చి మళ్లీ దింపుతాం. ఎనిమిదేళ్లుగా ఇదే నా పని. కొత్తగా కొనేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

అక్కడ నీరు చాలా నెమ్మది. సెకనుకి రెండు మూడు సెంటీమీటర్లు కూడా కదలని రోజులే ఎక్కువ. ప్రవాహానికి చక్రం తిరిగే పాత రోటార్ మీటర్లతో చిక్కంతా ఇక్కడే. వేగం రెండు సెంటీమీటర్ల లోపుకి పడిపోతే రోటార్ తిరగదు, నీరు ఆగిపోయిందని రాసుకుంటుంది. డాప్లర్ మీటర్‌లో తిరిగే భాగమే లేదు. నీళ్లలో కొట్టుకుపోయే నలుసుల మీదికి శబ్దం పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వని ఎంత మారిందో చూసి వేగం లెక్కకడుతుంది. మొదటి ఏడాది డేటాని గ్రాఫ్ గీస్తే 12 గంటల 25 నిమిషాలకోసారి లేచి పడే అల కనిపించింది. చంద్రుడి వల్ల వచ్చే పోటు అది. అంత నీటి అడుగున కూడా దాని లాగుడు తెలుస్తోంది! దానితోపాటే భూభ్రమణం వల్ల దాదాపు 46 గంటలకో చుట్టు తిరిగే కదలిక. ఆ రోజు భోజనం సంగతే మర్చిపోయాను.

దీని బలహీనత కూడా ఆ నలుసుల దగ్గరే ఉంది. లోతు నీరు మరీ తేటగా ఉంటుంది, నలుసులు తక్కువ, ప్రతిధ్వని బలహీనంగా వస్తుంది. ఒక్కో పింగ్‌ని, అంటే ఒక్కసారి పంపిన శబ్దాన్ని, నమ్మడానికి లేదు. వంద పింగ్‌లు సగటు తీస్తే ఆ గజిబిజి పదో వంతుకి తగ్గుతుంది. అందుకే కొలతల మధ్య విరామం పెంచి, ఒక్కో కొలతకి ఎక్కువ పింగ్‌లు ఇవ్వండి. బ్యాటరీకి తగ్గట్టు ఇది సర్దుకోవాల్సిందే. డేటా రాగానే వేగం కంటే ముందు సిగ్నల్ బలం కాలమ్ చూడండి. అది పడిపోయిన చోట వేగం ఎంత నున్నగా కనిపించినా నేను పక్కన పెట్టేస్తాను.

మీటర్‌లో దిశ చూపే కంపాస్ విషయంలో ఒకసారి దెబ్బ తిన్నాను. బ్యాటరీ మార్చాక దాన్ని మళ్లీ కాలిబ్రేట్ చేయాలి, అంటే సరిచూసి సర్దాలి, ఎందుకంటే బ్యాటరీ డబ్బాకి కూడా అయస్కాంత గుణం ఉంటుంది. వాతావరణం పాడవుతోందన్న టెన్షన్‌లో ఆ ఏడాది నేను చేయలేదు. పైనున్న ఇంకో మీటర్‌తో పోలిస్తే పోటు దిశ ఏడాది పొడవునా ఒకే లెక్కన పక్కకి తిరిగి ఉంది. తప్పు నాది, మీటర్‌ది కాదు. ఇప్పుడు ఓడ ఎక్కకముందే, ఇనుము లేని చెక్క బల్ల మీద తిప్పి చూసుకుంటాను.

మూత బిగించేటప్పుడు నీరు చొరకుండా ఆపే రబ్బరు ఓ-రింగ్‌ని వేళ్లతో తడిమి చూడండి. ఒక్క వెంట్రుక చాలు, 280 రెట్ల వాతావరణ పీడనం కింద నీరు లోపలికి దూరడానికి. పాత రింగ్ బాగానే ఉన్నా ప్రతిసారీ కొత్తదే వేస్తాను. గ్రీజు మెరుపు కనిపించేంత చాలు, ముద్దగా పూయొద్దు.

టైటానియం ఒంటికి మాత్రం వంక పెట్టలేను. పై వంద మీటర్లలో ఉండే పరికరాలు నాచు, గుల్లలు పట్టి వస్తాయి. ఇది మాత్రం నేను మార్కర్‌తో రాసిన తేదీ కూడా చెరగకుండా వస్తుంది.

డెక్ మీదికి రాగానే కడగడానికి తొందరపడకండి. ముందు దాని గడియారాన్ని జీపీఎస్ టైమ్‌తో పోల్చి, తేడా రాసుకుని, ఆ తర్వాతే ఆఫ్ చేయండి. ఈసారి దింపేటప్పుడు దీనికి ఐదు మీటర్ల పైన ఇలాంటిదే ఇంకొకటి కట్టమని అడిగాను.