కోడిగుడ్డుకు ఈకలు పీకేవారి మధ్య బ్లాక్

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన కోడ్‌ను తన పద్ధతిలో పేర్చిపెట్టే బ్లాక్ అనే ఉచిత ఫార్మాటర్‌ను మా జట్టు మూడేళ్లుగా వాడుతోంది. అంతకుముందు ఒకరి కోడ్‌ను ఒకరు పరిశీలించే మా కోడ్ రివ్యూలు సింగిల్ కోట్స్ మేలా, డబుల్ కోట్స్ మేలా అన్న వాదంతోనే మొదలయ్యేవి. సింగిల్ కోట్స్‌తో షిఫ్ట్ మీట నొక్కే శ్రమ తప్పుతుందని నేను, అపాస్ట్రఫీ ఉన్న ఇంగ్లిష్ వాక్యాలకు డబుల్ కోట్సే నయమని పక్కసీటు మిత్రుడు టీ చల్లారేదాకా వాదించుకునేవాళ్లం. నెగ్గాలన్న పట్టుదల ఇద్దరికీ ఉండేది కాదు. వాదం మర్నాటికి మిగలడమే మాకు కావలసింది.

వూకాష్ లాంగా 2018లో విడుదల చేసిన ఈ సాధనం డబుల్ కోట్స్ పక్షాన నిలిచి ఆ ముచ్చటను ఒక్కపూటలో తీర్చేసింది. లైన్ పొడవు విషయంలో మాత్రం మాకు కొత్త మేత దొరికింది. పైథాన్ వారి శైలి నియమావళి పెప్ 8 లైనుకు 79 అక్షరాలు చాలంటే, బ్లాక్ 80కి పది శాతం కలిపి 88 అంటుంది. 79కి పది శాతం కలిపితే 87 కూడా నిండదు కదా అని మిత్రుడు లెక్క తీశాడు. ఈ పరిమితిని సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చని ఇద్దరికీ తెలిసినా, వారంపాటు ఆ మాట ఎవరమూ ఎత్తలేదు.

తిరగరాసిన కోడ్ అర్థం మారలేదని సరిచూసుకున్నాకే ఫైలును భద్రపరచడం దీని గొప్ప సుగుణం. చేత్తో ఓపికగా వరుసలు కలిపి రాసుకున్న మాత్రికలను చెదరగొట్టడం నాకు నచ్చదు. అలాంటి చోట 'ఎఫ్ఎంటీ: ఆఫ్' అన్న కామెంట్‌తో దీన్ని ఆపవలసి వస్తుంది. పాత ప్రాజెక్టు మొత్తానికి ఒకేసారి వర్తింపజేస్తే కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌లో, ఏ లైను ఎవరు రాశారో చూపే 'బ్లేమ్' ఆదేశానికి మారిన ప్రతి లైనూ మీ పేరిటే కనిపిస్తుంది కనుక, అలాంటి మార్పులను లెక్కలోకి తీసుకోవద్దని చెప్పేందుకు 2019లో వచ్చిన గిట్ 2.23 నుంచి ఉన్న 'ఇగ్నోర్ రెవ్స్ ఫైల్' సదుపాయాన్ని తప్పక వాడండి.

కోట్స్, ఖాళీల గొడవ పోయాక మా రంధ్రాన్వేషణ వేరియబుల్ పేర్ల మీదికి మళ్లి, మరింత రుచికరంగా తయారైంది. అదీకాక బ్లాక్ మాకు ఒక సందు వదిలింది. జాబితా చివర కామా ఉంటే ప్రతి అంశాన్నీ వేరే లైనులో ఉంచుతుంది. కామా తీసేస్తే, 88 అక్షరాల్లో ఇమిడే జాబితాను ఒకే లైనుకు చేరుస్తుంది. మిత్రుడు పొద్దున కామా పెడతాడు, నేను సాయంత్రం తీసేస్తాను. బ్లాక్ ఇద్దరి మాటా వింటుంది.