ఉప్పు గాలిలో డీ2, 14సీ28ఎన్, కమాను పట్టీ కత్తులు: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

మూడు కత్తులు చాలా ఏళ్లుగా మార్చి మార్చి వాడుతున్నా, మూడూ మా వంటింట్లోనే, అదీ ఎక్కువగా చేపలకే. విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి కోనాం గానీ పండుగప్ప గానీ పూర్తి చేప తెచ్చి ఇంట్లోనే కోసుకుంటాం, అంటే పొలుసు, నడుం ముల్లు, తల అన్నీ కత్తి మీదే పడతాయి.

ముందు డీ2, అంటే ఆ పేరున్న టూల్ స్టీల్‌తో చేసిన కత్తి. పదును నిలవడంలో మిగతా రెండూ దీని దరిదాపుల్లోకి రావు. కార్బన్ 1.5 శాతం, క్రోమియం 12 శాతం దాకా ఉంటాయి, లోపల పెద్ద పెద్ద క్రోమియం కార్బైడ్లు (క్రోమియం, కార్బన్ కలిసి ఏర్పడే గట్టి రేణువులు), అంచు అరగకుండా ఆపేవి అవే. ముల్లు లేని ముక్కలు, కూరగాయలు, మధ్యలో పార్సిల్ అట్టపెట్టెలు కోసినా వారాల తరబడి టమాటా తొక్క మీద జారదు. కానీ గట్టి దెబ్బకి పెళుసయ్యేది కూడా ఆ కార్బైడ్ల వల్లే. పెద్ద కోనాం తల రెండుగా చీల్చేసరికి నా కత్తికి పిడి దగ్గర అంచు రెండు చోట్ల పెచ్చు లేచింది, టార్చి వేసి కాస్త వాల్చి చూస్తే అక్కడ మెరుస్తుంది, గోరు మీద మెల్లిగా లాగితే ఆ చోట టక్కున ఆగుతుంది. దాన్ని తీయాలంటే మామూలు సానరాయి మీద ఒక పూట పని, వజ్రపు పొడి అద్దిన డైమండ్ ప్లేట్ ఉంటేనే త్వరగా అవుతుంది. ఇంక తుప్పు సంగతి, 12 శాతం క్రోమియం అని అమ్మేవాళ్లు గట్టిగా చెప్తారు గానీ అందులో చాలా భాగం కార్బైడ్లలోనే చిక్కుకుపోతుంది, తుప్పు ఆపడానికి మిగిలేది తక్కువ. బీచ్ దగ్గర ఇల్లు మాది, తడిగా వదిలేస్తే తెల్లారేసరికి ఎర్ర చుక్కలే.

కమ్మరి దగ్గర లారీ కమాను పట్టీతో చేయించుకున్నది దీనికి పూర్తి రివర్స్. కార్బన్ 0.6 శాతం అటూఇటూ. తల మీద ఎంత బలంగా దించినా పెచ్చు లేవదు, మహా అయితే అంచు పక్కకి వాలుతుంది, రాయి మీద నాలుగు లాగులు లాగితే మళ్లీ నిలబడుతుంది. పదును మాత్రం ఒక్క పెద్ద చేప పూర్తయ్యేలోపే తగ్గిపోతుంది, చింతపండు తగిలితే నల్లబడుతుంది, కడిగి తుడిచి కొబ్బరి నూనె రాయాల్సిందే. కాల్చి చల్లార్చడంలో కమ్మరి పనితనం మీదే అంతా ఉంది, ఒకే పట్టీలోంచి తీసిన రెండు కత్తులు కూడా ఒకేలా రావు.

నా ఓటు 14సీ28ఎన్‌కే. స్వీడన్ స్టీల్ ఇది, కార్బన్ 0.62, క్రోమియం 14 శాతం, కొంచెం నైట్రోజన్. కార్బైడ్లు చాలా సన్నగా ఉంటాయి కాబట్టి అంచుని ఒక్కో వైపు 15 డిగ్రీల కోణంలో పలచగా తీసినా ముల్లు తగిలితే తట్టుకుంటుంది, డీ2 అంత కాలం పదును నిలవదు నిజమే, అయితే ఐదు నిమిషాల్లో వెనక్కొస్తుంది, వానాకాలంలో సింకు పక్కన పడున్నా మచ్చ రాలేదు. ఒక్క కత్తే కొనాలంటే, చేప వండే విశాఖ ఇంటికి ఇదే కొనమంటా. కాకపోతే తల నరకడానికి మాత్రం కమాను కత్తే, దానికి ఇంకేదీ వాడొద్దు. డీ2 అంచుని ఇప్పుడు ఒక్కో వైపు 20 డిగ్రీలకి మార్చా, ముల్లు లేని పనికే తీస్తున్నా, ఆ తర్వాత మళ్లీ పెచ్చు లేవలేదు.