చంద్రుడి రాత్రికి ఏది మేలు: బ్యాటరీయా, అణు హీటరా?

2023 సెప్టెంబర్ 2న చంద్రయాన్-3 రోవర్ ప్రజ్ఞాన్‌ను నిద్రపుచ్చారు. చంద్రుడిపై మళ్లీ తెల్లవారాక పిలిస్తే పలకలేదు. దాన్ని చేసిందే ఒక్క పగటి పనికి, ఆ పని పూర్తి చేసింది కూడా. అయినా శ్రీహరికోట రాకెట్లను మిద్దెలెక్కి చూసే మా నెల్లూరు వాళ్లకు అది లేవలేదంటే బాధే.

అక్కడ రాత్రి దాదాపు 354 గంటలు. చీకటైతే పని ఆపుకోవచ్చు. మైనస్ 150 డిగ్రీల చలికి మాత్రం బ్యాటరీలు, సర్క్యూట్ల అతుకులు పాడైపోతాయి. అందుకే ముందు కావాల్సింది వెచ్చదనం.

బ్యాటరీతోనే నెట్టుకురావచ్చా? లెక్క వేద్దాం. పది వాట్ల హీటర్ రాత్రంతా నడవాలంటే మూడున్నర యూనిట్ల కరెంటు కావాలి. కిలో లిథియం బ్యాటరీలో సుమారు 200 వాట్-అవర్లు పడతాయి, అంటే 17, 18 కిలోల బ్యాటరీ. ప్రజ్ఞాన్ మొత్తం బరువే 26 కిలోలు! విడవలూరు వైపు రొయ్యల రైతు కూడా రాత్రి ఏరేటర్ల కోసం సోలార్‌ను నమ్ముకోడు, జనరేటర్ పెట్టుకుంటాడు. జపాన్ ల్యాండర్ స్లిమ్ 2024లో అణు హీటర్ లేకుండానే మూడు రాత్రులు దాటిందనుకోండి. అలాంటి అదృష్టం మీద మిషన్ కట్టలేం.

తనంతట తానే వేడి పుట్టించే రేడియోధార్మిక లోహం ప్లుటోనియం-238తో చేసిన అణు హీటర్ సంగతి వేరు. అమెరికా వాడే ఒక్కో బిళ్ల బరువు 40 గ్రాములు, ఇచ్చే వేడి ఒక వాటు. పది పెడితే 400 గ్రాములే. పగలు సోలార్, రాత్రి ఈ వేడి: 2019 జనవరిలో దిగిన చైనా రోవర్ యూటూ-2 ఈ పద్ధతిలోనే ఏళ్ల తరబడి తిరిగింది. అంతకు చాలా ముందు, 1970లో, సోవియట్ రోవర్ లూనోఖోద్-1 పొలోనియం అనే మరో రేడియోధార్మిక లోహం వేడితో పది నెలలు బతికింది.

అదే వేడిని కరెంటుగా మార్చే అణు జనరేటర్‌లో నష్టం ఎక్కువ. 45 కిలోల యంత్రంలో 2,000 వాట్ల వేడి పుడితే చేతికొచ్చే కరెంటు 110 వాట్లే. చంద్రుడిపై చిన్న రోవర్‌కు అంత బరువు దండగ. శని ఉపగ్రహం టైటాన్‌పై మాత్రం వేరే దారి లేదు. దట్టమైన పొగమంచు దాటి నేలకు చేరే ఎండ చాలా తక్కువ. అందుకే నాసా అక్కడికి పంపబోయే డ్రోన్ డ్రాగన్‌ఫ్లై మన ఎనిమిది రోజులంత రాత్రంతా ఈ జనరేటర్‌తో బ్యాటరీ నింపుకుని, పగలు ఎగురుతుంది.

రాకెట్ పేలితే మన తీరం గతేమిటన్న టెన్షన్ న్యాయమైనదే. ఆ బిళ్లలను లోహపు తొడుగులో, దానిపై గ్రాఫైట్ కవచంలో పెడతారు. ల్యాండర్‌ను చంద్రుడి దాకా మోసుకెళ్లిన చంద్రయాన్-3 ప్రొపల్షన్ మాడ్యూల్‌లో ఒక వాటు అణు హీటర్లు రెండు ఇక్కడినుంచే వెళ్లాయి. తర్వాతి రోవర్‌లోనూ అవి ఉండాలన్నది నా గట్టి కోరిక.