నాటీ, ట్రేసెస్ కొత్త వెర్షన్‌కు మారేవారి కోసం ఒక సమీక్ష

రెండు గ్రాఫులు (శీర్షాలనే బిందువులూ, వాటిని కలిపే అంచులూ ఉన్న నిర్మాణాలు) పైకి వేరుగా కనిపిస్తున్నా నిర్మాణంలో ఒకటేనా అని తేల్చడానికీ, ఒక గ్రాఫుకు ఎన్ని సౌష్ఠవాలున్నాయో లెక్కించడానికీ గణిత, కంప్యూటర్ శాస్త్ర పరిశోధకులు దశాబ్దాలుగా నమ్ముకున్న ఉచిత సాఫ్ట్‌వేర్ నాటీ. ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీకి చెందిన బ్రెండన్ మెకే దీన్ని రాశారు. 2.5 వెర్షన్ నుంచి, రోమ్‌లోని సపియెంజా విశ్వవిద్యాలయానికి చెందిన అడోల్ఫో పిపెర్నో రాసిన ట్రేసెస్ కూడా ఇందులో చేరి, రెండూ ఒకే ప్యాకేజీగా వస్తున్నాయి. 2.4 నాటి నుంచి 2.8 వరుస వరకు ఈ ప్యాకేజీని వాడుతూ వచ్చిన అనుభవంతో రాస్తున్న ఈ సమీక్షలో, సాఫ్ట్‌వేర్ గుణదోషాల కంటే ఎక్కువగా దాని అప్‌డేట్ల స్వభావాన్ని పరిశీలించదలచుకున్నాను. ఎందుకంటే ఈ రంగంలో అప్‌డేట్ అంటే వేగం పెరగడం, లోపాలు తొలగడం మాత్రమే కాదు. పాత ఫలితాలకూ కొత్త ఫలితాలకూ మధ్య పోలిక చెల్లుతుందా లేదా అన్న ప్రశ్న కూడా అందులో ఉంది.

ముందుగా ఇది చేసే పని. గ్రాఫు ఇచ్చినప్పుడు నాటీ మొదట శీర్షాలను వాటి ఇరుగుపొరుగు శీర్షాల లెక్కను బట్టి వర్గాలుగా విడదీస్తుంది. ఆ విభజన ఇక ముందుకు సాగని చోట ఒక శీర్షాన్ని ఎంచుకొని దాన్ని మిగతావాటి నుంచి వేరు చేసి, మళ్లీ విభజన మొదలుపెడుతుంది. ఈ ఎంపికలన్నీ కలిసి ఒక అన్వేషణ వృక్షంగా పెరుగుతాయి. దారిలో దొరికిన ఆటోమార్ఫిజంల, అంటే గ్రాఫు సౌష్ఠవాల, సహాయంతో ఆ వృక్షంలో అనవసరమైన కొమ్మలను కత్తిరించుకుంటూ పోవడమే ఈ పద్ధతి బలం. చివరకు రెండు ఫలితాలు చేతికి వస్తాయి: ఆటోమార్ఫిజంలన్నింటి సమూహాన్ని పుట్టించే కొద్దిపాటి ఆటోమార్ఫిజంలు, అంటే జనకాలు ఒకటి, శీర్షాలకు ఒక నిర్ణీత క్రమంలో లేబుళ్లు పెట్టి రాసిన గ్రాఫు కానానికల్ రూపం మరొకటి. ఐసోమార్ఫిక్, అంటే నిర్మాణంలో ఒకటే అయిన గ్రాఫులన్నింటికీ కానానికల్ రూపం ఒక్కటే అవుతుంది కనుక, లక్షల గ్రాఫులను జతలు జతలుగా పోల్చవలసిన అవసరం తప్పి, వాటి కానానికల్ రూపాలను వరుసలో పేర్చి నకళ్లను తొలగిస్తే సరిపోతుంది. మెకే 1981లో ప్రచురించిన వ్యాసం ఈ పద్ధతికి పునాది వేయగా, పిపెర్నోతో కలిసి 2014లో ప్రచురించిన వ్యాసం ట్రేసెస్ చేసిన మార్పులను వివరించింది. గణితవేత్త లాస్లో బాబాయ్ 2015లో ప్రకటించిన సైద్ధాంతిక ఫలితం ఈ సమస్య సంక్లిష్టత గురించిన మన అవగాహనను ఎంతో ముందుకు తీసుకువెళ్లినా, రోజువారీ లెక్కలకు మనం వాడే ప్రోగ్రాములు ఇప్పటికీ విభజన, ఎంపిక, కత్తిరింపు అనే ఈ దారిలోనే నడుస్తున్నాయి.

అప్‌డేట్ చేసుకునేవారు అన్నిటికంటే ముందు గ్రహించవలసిన విషయం ఇక్కడే ఉంది. కానానికల్ రూపం అనేది గ్రాఫుకు సహజంగా ఉన్న గుణం కాదు. అది ఆ ప్రోగ్రాము, ఆ వెర్షన్, ఆ ఆప్షన్లు కలిసి చేసిన ఎంపిక. ఒకే పరుగులో, ఒకే అమరికలతో లెక్కించిన రెండు రూపాలు ఒకటైతే గ్రాఫులు ఐసోమార్ఫిక్ అనీ, వేరైతే కావనీ నిశ్చయంగా చెప్పవచ్చు. కానీ నిరుడు పాత వెర్షన్‌తో లెక్కించి దాచిన రూపాన్ని ఇవాళ కొత్త వెర్షన్‌తో లెక్కించిన రూపంతో పోల్చితే, రూపాలు వేరైనంత మాత్రాన గ్రాఫులు వేరన్న హామీ లేదు. వెర్షన్ మారకపోయినా ఇదే పరిస్థితి రావచ్చు: నాటీ సాంద్ర (అంచులు ఎక్కువగా ఉన్న) గ్రాఫుల విధానంలో ఇచ్చే లేబులింగ్ వేరు, విరళ (అంచులు తక్కువగా ఉన్న) గ్రాఫుల విధానంలో ఇచ్చేది వేరు, ట్రేసెస్ ఇచ్చేది మరొకటి. కానానికల్ రూపాలను లెక్కించే లేబుల్‌జీ అనే ఉపకరణపు సహాయ సూచనల్లోనే, ఫలానా ఆప్షన్ పెడితే కానానికల్ లేబులింగ్ మారుతుందని స్పష్టంగా రాసి ఉంటుంది.

ఈ మార్పు ఎంత నిశ్శబ్దంగా నష్టం చేస్తుందో చూడండి. ఒక పరిశోధక బృందం తమ గ్రాఫుల డేటాబేసుకు కానానికల్ రూపాన్నే తాళంచెవిగా పెట్టుకుందనుకుందాం. అప్‌డేట్ తరువాత వచ్చిన ప్రతి గ్రాఫునూ డేటాబేసులో వెతికితే, అది అప్పటికే ఉన్నా దొరకకపోవచ్చు. అప్పుడు ప్రోగ్రాము దాన్ని కొత్త గ్రాఫుగా నమోదు చేస్తుంది. ఎక్కడా ఎర్రర్ రాదు, పరుగు మధ్యలో ఆగదు, లెక్క మాత్రం తప్పుతుంది. రీసర్వే తరువాత పొలం అదే పొలమైనా దాని నంబరు మారినట్లు, పాత నంబరుతో కొత్త దస్త్రంలో వెతికితే పొలం లేదనే సమాధానం వస్తుంది. గణనమే ప్రధాన ఫలితమైన వ్యాసాల్లో ఇలాంటి పొరపాటు జరిగితే దాన్ని పట్టుకోవడం ఎంత కష్టమో ఈ రంగంలో పనిచేసేవారికి చెప్పనక్కరలేదు.

అయితే దీనికి పరిష్కారం సులభం, అది ప్యాకేజీలోనే ఉంది. గ్రాఫులను అక్షరాల వరుసలుగా రాసే గ్రాఫ్6 గానీ స్పార్స్6 గానీ ఏ ఫార్మాట్‌లో దాచినా, ఆ వరుసలో గ్రాఫు మొత్తం ఉంటుంది కనుక సమాచారం ఏమీ పోదు. పాత ఫైలు మొత్తాన్నీ కొత్త వెర్షన్‌లోని లేబుల్‌జీ గుండా మరొకసారి నడిపించి, క్రమంలో పేర్చి, వేర్వేరు గ్రాఫుల సంఖ్య ముందూ వెనకా ఒకటేనా అని చూసుకుంటే చాలు. ఆ సంఖ్య మారిందంటే ఎక్కడో లోపం ఉన్నట్టే. ఇకపై ప్రతి ఫైలు పక్కనా వాడిన వెర్షన్‌నూ, ఆప్షన్లనూ రాసిపెట్టుకోవడం తప్పనిసరి అలవాటు కావాలి. వెర్షన్ మారినా మారనివి కూడా ఉన్నాయి: సమూహపు పరిమాణం, శీర్షాల కక్ష్యలు (సౌష్ఠవాల వల్ల ఒకదాని స్థానంలోకి మరొకటి రాగల శీర్షాల గుంపులు), వేర్వేరు గ్రాఫుల సంఖ్య. జనకాల జాబితా మారవచ్చు, కానీ అవి పుట్టించే సమూహం అదే. అందువల్ల భద్రపరచడానికీ, వ్యాసంలో ప్రకటించడానికీ తగినవి ఈ మారని రాశులే.

సేజ్ అనే గణిత సాఫ్ట్‌వేర్ వాడేవారికి ఇంకొక హెచ్చరిక. అందులో కానానికల్ లేబుల్ అడిగినప్పుడు ఏ ఆల్గరిథం వాడాలో మనం చెప్పకపోతే, బ్లిస్ అనే మరో ప్రోగ్రాము ఇన్‌స్టాల్ అయి ఉంటే దానితోనూ, లేకపోతే సేజ్ సొంత ప్రోగ్రాముతోనూ లెక్క జరుగుతుంది. అంటే ఒక ఐచ్ఛిక ప్యాకేజీని చేర్చుకున్నంత మాత్రాన, ఏమీ అప్‌డేట్ చేయకుండానే, ఫలితాలు మారిపోవచ్చు. ఆల్గరిథం పేరును కోడులో స్పష్టంగా రాయడం ఒక్కటే దీనికి రక్ష.

కొత్త వెర్షన్‌ను నమ్మేముందు చేయవలసిన పరీక్షల విషయంలో ఈ ప్యాకేజీ నాకు ఎంతో తృప్తినిచ్చింది. సోర్సు కోడును దించుకొని కంపైల్ చేసిన తరువాత, మేక్ చెక్స్ అనే ఒక్క ఆజ్ఞతో ఉపకరణాలన్నీ తమ ఫలితాలను ముందే దాచిన ఫలితాలతో పోల్చుకుంటాయి. దీనితో ఆగకుండా, గణితంలో స్థిరపడిన సంఖ్యలతో మనమే సరిచూసుకోవాలని నా సలహా. 9 శీర్షాలున్న వేర్వేరు గ్రాఫులు 2,74,668. 10 శీర్షాలకు అవి 1,20,05,168. వాటిలో సంబద్ధమైనవి (ఏ శీర్షం నుంచైనా ఏ శీర్షానికైనా అంచుల మీదుగా దారి ఉన్నవి) 1,17,16,571. జెంగ్ అనే ఉపకరణం ఈ సంఖ్యలను సాధారణ ల్యాప్‌టాప్ మీద కూడా ఆలస్యం లేకుండా లెక్కించి ఇస్తుంది. 11 శీర్షాలకు సంఖ్య 1,01,89,97,864కు చేరుతుంది కనుక దానికి కొంత ఓపిక కావాలి. సమూహాల వైపు, పీటర్సన్ గ్రాఫుకు 120, 50 శీర్షాల హాఫ్‌మన్–సింగిల్టన్ గ్రాఫుకు 2,52,000, 100 శీర్షాల హిగ్‌మన్–సిమ్స్ గ్రాఫుకు 8,87,04,000 ఆటోమార్ఫిజంలు రావాలి. ఈ మూడింటినీ నాటీతో ఒకసారి, ట్రేసెస్‌తో ఒకసారి నడిపి చూస్తే, రెండు భిన్నమైన ప్రోగ్రాములు ఒకే సమాధానం ఇస్తున్నాయన్న భరోసా దొరుకుతుంది. ఒకే ప్యాకేజీలో ఇద్దరు రచయితల రెండు ప్రోగ్రాములు ఉండడం వల్ల వినియోగదారుకు కలిగే పెద్ద మేలు నా దృష్టిలో ఇదే.

ఈ రెండింటిలో ఏది ఎప్పుడు వాడాలన్నది తరచుగా ఎదురయ్యే ప్రశ్న. చిన్న గ్రాఫులు కోట్ల సంఖ్యలో ఉన్నప్పుడు నాటీ సాంద్ర విధానం చాలా వేగంగా పనిచేస్తుంది. ప్రక్షేప తలాల నుంచి, హాడమార్డ్ మాత్రికల నుంచి వచ్చే గ్రాఫుల వంటి కఠినమైన వాటి దగ్గర ట్రేసెస్ ఆధిక్యం కొన్నిసార్లు ఆశ్చర్యపరిచేంత ఉంటుంది. నాటీ గంటల తరబడి తిరుగుతున్న చోట అది త్వరగా ముగించగలదు. వృక్షాన్ని లోతుకు కాకుండా వెడల్పుకు వెతకడం, మధ్యమధ్య ప్రయోగాత్మకంగా కొన్ని దారులను చివరిదాకా నడిచి ఆటోమార్ఫిజంలను ముందుగానే పట్టుకోవడం దీనికి కారణం. కానీ ట్రేసెస్ దిశ ఉన్న గ్రాఫులను స్వీకరించదు. కంప్యూటర్ మెమరీ విషయంలోనూ జాగ్రత్త అవసరం: సాంద్ర విధానంలో ప్రతి శీర్షాల జతకూ ఒక బిట్ ఖర్చవుతుంది కనుక, లక్ష శీర్షాల గ్రాఫుకు 1.25 గిగాబైట్లు, పది లక్షల శీర్షాలకు 125 గిగాబైట్లు కావాలి. పెద్ద గ్రాఫులకు విరళ విధానమే శరణ్యం.

లోపాలను కూడా దాచకుండా చెప్పాలి. అంచులకు రంగులు ఉన్న గ్రాఫులను ఈ ప్యాకేజీ నేరుగా స్వీకరించదు. గ్రాఫును పొరలుగా మార్చి, రంగుల సంఖ్యలను ద్విసంఖ్యామానంలో ఆ పొరల్లో పొదగాలని మాన్యువల్ వివరిస్తుంది. ఉదాహరణకు ఒక రసాయన అణువులో ఏక, ద్వి, త్రి బంధాలను వేరు చేయాలంటే రెండు పొరలు కావాలి, అంటే శీర్షాల సంఖ్య రెట్టింపవుతుంది. పద్ధతి సరైనదే, కానీ ప్రతి వినియోగదారూ దాన్ని తన చేతులతో రాసుకోవలసి రావడం అనవసరమైన శ్రమ. సమూహపు పరిమాణాన్ని ఒక దశాంశ సంఖ్య, పది ఘాతం అనే రెండు భాగాలుగా ఇవ్వడం వల్ల చాలా పెద్ద సమూహాలకు ఖచ్చితమైన విలువ దొరకదు. అది కావాలంటే జనకాలను సమూహాల లెక్కలు చేసే గ్యాప్ వంటి వ్యవస్థకు ఇచ్చి లెక్కించుకోవాలి. ఒకే ప్రోగ్రాములో అనేక థ్రెడ్లతో (ఏకకాలంలో నడిచే భాగాలతో) వాడదలచినవారు కంపైల్ చేసేటప్పుడే అందుకు తగిన ఆప్షన్‌ను ఎంచుకోవాలి. మామూలుగా కంపైల్ చేసిన లైబ్రరీని థ్రెడ్ల మధ్య పంచుకోవడం క్షేమం కాదు. ఆజ్ఞలిచ్చి నాటీని నడిపించే డ్రెడ్‌నాట్ అనే ప్రోగ్రాములోని ఒంటి అక్షరాల ఆజ్ఞలు కొత్త విద్యార్థిని తికమక పెడతాయి. మాన్యువల్ సమగ్రమైనదే అయినా, మొదటి రోజున చేయి పట్టుకొని నడిపించే అధ్యాయం అందులో లేకపోవడం నన్ను నిరాశపరిచింది.

ఇన్‌స్టాల్ చేసుకునే దారి మీద కూడా ఒక మాట. డెబియన్ వంటి లినక్స్ పంపిణీల్లో ఉపకరణాల పేర్ల ముందు నాటీ అనే పదం చేరుతుంది కనుక, సోర్సు నుంచి కంపైల్ చేసిన యంత్రం మీద నడిచిన స్క్రిప్టు అక్కడ నడవకపోవచ్చు. పైగా ఆ పంపిణీల్లో దొరికే వెర్షన్ అసలు విడుదల కంటే వెనకబడి ఉండవచ్చు. ఫలితాలను ప్రచురించదలచినవారు సోర్సు నుంచే కంపైల్ చేసుకోవడం మేలు. 2.6 వెర్షన్ నుంచి లైసెన్సు అపాచీ 2.0కు మారడం ఈ విషయంలో పెద్ద మలుపు. అంతకుముందు వాణిజ్య విక్రయానికీ సైనిక ప్రయోజనాలకూ ఆంక్షలు ఉండేవి, అందువల్ల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వ్యవస్థలు దీన్ని తమలో పూర్తిగా కలుపుకోలేకపోయేవి. కోడుతో సంబంధం లేకపోయినా వినియోగదారులకు ఇంత మేలు చేసిన అప్‌డేట్ మరొకటి లేదని నా అభిప్రాయం.

ప్రత్యామ్నాయాల్లో, హెల్సింకీలో టోమీ యుంటిలా, పెటెరి కాస్కీ రూపొందించిన బ్లిస్ శుభ్రమైన సి ప్లస్ ప్లస్ ఇంటర్‌ఫేస్ వల్ల ఐగ్రాఫ్ వంటి లైబ్రరీలలో స్థానం సంపాదించింది. దాని కానానికల్ రూపం కూడా వెర్షన్‌ను, ఎంచుకున్న విభజన పద్ధతిని బట్టి మారుతుంది కనుక పైన చెప్పిన జాగ్రత్తలన్నీ దానికీ వర్తిస్తాయి. మిషిగన్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన సాసీ, తర్క సూత్రాల నుంచి పుట్టే అతి పెద్ద విరళ గ్రాఫులలో సౌష్ఠవాలను వెతకడానికి రూపొందింది. ఇటీవలి వాటిలో మార్కస్ ఆండర్స్, పాస్కల్ ష్వైట్సర్ రాసిన డేజావు నన్ను బాగా ఆకట్టుకుంది. అది యాదృచ్ఛిక పద్ధతితో పనిచేస్తుంది: ఇచ్చిన ప్రతి ఆటోమార్ఫిజమూ నిజమైనదే, కానీ ఏదో ఒక జనకం తప్పిపోయే అవకాశం మనం నిర్ణయించిన స్వల్ప సంభావ్యత మేరకు ఉంటుంది. సౌష్ఠవాలను ఉపయోగించి ఒక సాల్వర్‌ను (సమస్యలకు పరిష్కారాలు వెతికే ప్రోగ్రామును) వేగవంతం చేయాలంటే ఆ పొరపాటు హాని చేయదు, ఒక సౌష్ఠవం వాడకుండా మిగిలిపోతుంది, అంతే. ఒక వర్గీకరణ సిద్ధాంతానికి రుజువుగా సమూహపు పరిమాణాన్ని చూపాలంటే మాత్రం నేను నాటీ, ట్రేసెస్ దగ్గరే ఆగుతాను.

పని మొదలుపెట్టబోతున్నవారు సంకోచించకుండా తాజా విడుదలనే తీసుకోవచ్చు. సగంలో ఉన్న గణనను నడుపుతున్నవారు ఆ గణన పూర్తయ్యేవరకు పాత వెర్షన్‌నే వేరే డైరెక్టరీలో ఉంచుకొని వాడాలి. ఒకే గణనలో సగం భాగాలు ఒక వెర్షన్‌తో, మిగతా సగం మరొక వెర్షన్‌తో లెక్కించి కలపడం ఎంతమాత్రం తగదు. నాటీని సొంత ప్రోగ్రాములో లైబ్రరీగా కలుపుకున్నవారు లైబ్రరీని మాత్రమే మార్చి ఊరుకోకుండా, హెడర్ ఫైళ్లతో సహా తమ కోడునంతటినీ తిరిగి కంపైల్ చేయాలి. హెడర్‌కూ లైబ్రరీకీ వెర్షన్ పొసగనప్పుడు ప్రోగ్రామును అక్కడికక్కడే ఆపే తనిఖీ ఫంక్షన్ ప్యాకేజీలో ఉంది. దాన్ని ప్రోగ్రాము మొదటి వరుసల్లోనే పిలవడం మరవవద్దు.